నైంటీ

పోసే బిరడా ముందు విప్పాలి, దించే బిరడా తర్వాత. నాన్న నాకీ మాట చెప్పినప్పుడు నాకు పదకొండేళ్లు. ఉన్న నూనంతా కింద కారబోసుకున్నాక, పైన పోసే బిరడా తుప్పుపట్టి రాలేదనుకో, బండి ఇటు పనికిరాదు, అటు పనికిరాదు, షెడ్డులో దిష్టిబొమ్మలా నిలబడిపోద్ది తల్లీ, అన్నాడు. ఇరవై ఏడేళ్ల కాపురంలో నేను చేసిన పని అదే. ఉన్నదంతా దించేసుకున్నాక చూస్తే పోసే బిరడా బిగుసుకుపోయి ఉంది. ఇప్పుడు టూంగాబీలో, మా ఇంటి గరాజులో, ఈ దేశంలో చలికాలమైన జూన్ నెలలో వీపు కింది పాత యోగా చాప మంచుముక్కలా తగులుతుంటే, నాలుగు స్టాండ్ల మీద సమంగా నిలబెట్టిన ఎర్ర కారు కింద వెల్లకిలా పడుకుని పోసే బిరడాకి స్పానర్ తగిలించాను. కిర్రుమని ఒక్క మూలుగు మూలిగి కదిలింది. ఎనిమిదేళ్లుగా దాన్ని విప్పుతున్నది నేనే, నా చెయ్యి దానికి తెలుసు. తర్వాత కింది బిరడా. చివరి మర దాకా లోపలికి నొక్కి పట్టుకుని ఒక్కసారిగా పక్కకి లాగెయ్యాలి, లేకపోతే మోచేతి దాకా నూనె. లాగాను. వేడి నూనె లావుపాటి దారంలా ట్రేలోకి దిగింది. పొద్దున్నే వీధిలో రెండు చుట్లు తిప్పుకొచ్చాను కాబట్టి వేడిగా ఉంది, చల్లారిన నూనె అడుగున పేరుకుపోయి రానంటుంది. ఆ రెండు చుట్లే ఈ కారు నేను నడపడం. ఆయన ఉన్నన్నాళ్లూ స్టీరింగు ముట్టనివ్వలేదు. ఆయన అనాలో వాడు అనాలో, విడాకుల కాగితాల మీద సంతకాలయిన దగ్గర్నుంచీ నాకు తేలలేదు, నాలుక మాత్రం ఆయన అనే అంటోంది. పదిన్నరకి వస్తాడు. ఇప్పుడు తొమ్మిదిన్నర. ఇల్లు నాకు, కారు ఆయనకి, అలా రాసుకున్నాం. ఇవాళ కారు తీసుకుని మెల్బోర్న్ వెళ్లిపోతాడు, అక్కడ క్రాన్‌బర్న్‌లో కొత్త ఇల్లు, కొత్త కాపురం. నూనె కారనీ. బొట్లు బొట్లుగా అయిపోయే దాకా కారనివ్వాలి, తొందరపడితే పాతదీ కొత్తదీ కలిసిపోతాయి.

తల పక్కకి తిప్పితే షెల్ఫ్ మీద రెండు డబ్బాలు కనిపిస్తున్నాయి. రెండింటి మీదా డెబ్బై అయిదు డబ్ల్యూ తొంభై అనే ఉంది. చిక్కదనం ఒకటే, తేడా చిన్న అక్షరాల్లో ఉంది, ఒకటి జీఎల్ ఫోర్, ఒకటి జీఎల్ ఫైవ్. ఫైవ్ డబ్బా ఆయన కొన్నది, నల్లగా, బంగారు రంగు అక్షరాలతో, ఖరీదైన విస్కీ సీసాలా దర్జాగా ఉంటుంది. ఫోర్ డబ్బా నేను కొన్నది, తెల్లగా, బట్టలుతికే ద్రవం డబ్బాలా ఉంటుంది. నిన్న సాయంత్రం ఆయన మెసేజ్ పెట్టాడు. ‘లాంగ్ డ్రైవ్ కాబట్టి గేర్ ఆయిల్ మార్పించి ఉంచు. షెల్ఫ్ మీద ఫైవ్ ఉంది. అదే పోయించు.’ మార్పించు, పోయించు. వండు అంటాడు, ఉతుకు అంటాడు, కానీ ఈ పని దగ్గరికొచ్చేసరికి ఎప్పుడూ మార్పించు. ఎవరో వస్తారు, చేసిపోతారు అని ఆయన నమ్మకం. ఎనిమిదేళ్లలో నాలుగుసార్లు మార్చాను ఈ నూనె, ఎవరు చేశారు అని ఒక్కసారి అడగలేదు. అయిపోయింది అంటే సరే అనేవాడు. పప్పు ఉడికింది అంటే సరే అన్నట్టు.

ట్రేలోంచి వాసన లేస్తోంది. ఫోర్ వాసన మెత్తగా ఉంటుంది, పాత కిటికీ రెక్కకి రాసిన ఆముదంలా. ఫైవ్ అలా కాదు, మూత తియ్యగానే మురిగిన వెల్లుల్లి, అందులో గంధకం, అది ముక్కులోకి పోతే సాయంత్రం దాకా దిగదు. నాన్న డబ్బా మీద అక్షరాలు చదివేవాడు కాదు, చదవడం రాదు. బెజవాడ ఆటోనగర్‌లో షెడ్డు, ఉయ్యూరు పక్క పల్లెలో ఇల్లు, చెరకు లారీల మీద ఎక్కి వెళ్లి, చెరకు లారీల మీదే తిరిగొచ్చేవాడు. సెలవుల్లో నన్నూ తీసుకుపోయేవాడు. రెండు వేళ్ల మధ్య నూనె రుద్ది, ముక్కు దగ్గర పెట్టుకుని, ఇది హౌసింగు నూనె, ఇది గేరుబాక్సు నూనె అని తేల్చేసేవాడు. హౌసింగంటే వెనక ఇరుసు మధ్య డిప్ప, అందులో ఇనుముకీ ఇనుముకీ పోట్లాట, అక్కడ ఘాటు నూనె కావాలి. గేరుబాక్సులో ఇత్తడి రింగులుంటాయి, ఘాటు నూనె ఇత్తడిని తినేస్తుంది. అప్పుడే కొత్తగా జపాన్ మినీ లారీలు వచ్చాయి, వాటి గేరుబాక్సుల్లో ఆ రింగులు. ఒకటి విప్పి నా అరచేతిలో పెట్టాడు, పసుపుగా, సన్నటి పళ్లతో, అమ్మ చేతి గాజంత. రెండు చక్రాలు వేరు వేరు జోరు మీద తిరుగుతుంటాయి తల్లీ, ఇది మధ్యలోకి పోయి ఒరుసుకుంటే రెండూ ఒక జోరుకి వస్తాయి, అప్పుడు గేరు పడద్ది, అరిగేది మాత్రం ఇదే, అన్నాడు. ఆ రింగు చేతికి తొడుక్కుందామని చూశాను, పట్టలేదు. షెడ్డులో ఏ గేరు నూనెనైనా నైంటీ అనే అనేవాళ్లు. తొంభై నంబరు నూనె కాబట్టి నైంటీ. వెళ్లి నైంటీ పట్రా అంటే పరిగెత్తేదాన్ని, పక్క షెడ్డు వాళ్లు ఏ నైంటీ, తాగేదా పోసేదా అని నవ్వేవాళ్లు. అక్కడ అది నవ్వే. నన్ను కుట్టేది కాదు.

కుట్టింది పెళ్లిచూపుల్లో. ఉపేంద్ర వాళ్లది లెక్చరర్ల కుటుంబం, గుంటూరు. నేను బీయస్సీ కెమిస్ట్రీ, ఫస్ట్ క్లాస్. అది చెప్పమని అమ్మ నాన్నకి వారం రోజులు పాఠం నేర్పింది. నాన్న తెల్ల చొక్కాలో ఇరుక్కుని కూర్చుని, గోళ్లలో నలుపు కనపడకుండా చేతులు తొడల కింద పెట్టుకుని, అంతా బాగానే చెప్పాడు, చివర్లో మురిపెం ఆపుకోలేకపోయాడు. ‘మా అలివేలు సంగతేంటంటే అండీ, నైంటీ మూత తీసి వాసన చూసిందంటే చాలు, అసలుదో కల్తీదో చెప్పేస్తది’ అన్నాడు. ఉపేంద్ర వాళ్లమ్మ చేతిలో పకోడీ చేతిలోనే ఆగిపోయింది. మా అమ్మ మొహం కోసినా నెత్తురు లేదు. తర్వాత అరగంట పట్టింది అది లారీ నూనె అని వాళ్లకి నచ్చజెప్పడానికి. నమ్మారు, నవ్వారు, పెళ్లయింది. కానీ ఆ మాట పెళ్లితో అయిపోలేదు, నాతో పాటు విమానమెక్కింది. వెస్ట్‌మీడ్‌లో అద్దె ఫ్లాటులో ఉన్నప్పుడు, టూంగాబీలో ఇల్లు కొన్నప్పుడు, ప్రతి బార్బెక్యూలో, ప్రతి ఉగాది పార్టీలో, చేతిలో బీరు పట్టుకుని ఆయన మొదలెట్టేవాడు. మా ఆవిడ నైంటీ ఎక్స్‌పర్ట్ బ్రో, మా మావగారు సర్టిఫికెట్ ఇచ్చాడు. డాక్టర్ ఉమామహేశ్వరరావు అంకుల్ పడీ పడీ నవ్వేవాడు, వసుంధరాంటీ నా చెయ్యి నొక్కేది పాపం అన్నట్టు. నేను కూడా నవ్వేదాన్ని. మొదట్లో నిజంగానే. నాన్న చనిపోయిన ఏడాది కూడా ఆయన చెప్పాడు, అదే జోకు, నాన్న గొంతు అనుకరిస్తూ. ఆ రోజు కూడా నవ్వాను. ఆ నవ్వుకి నన్ను నేను క్షమించుకోలేదు. వెస్ట్‌మీడ్‌లో నేను పనిచేసే ల్యాబులో రోజుకి రెండు వందల మంది నెత్తురు చూస్తాను, ఎవరి లోపల ఏం అరుగుతోందో నెత్తుట్లో కనిపిస్తుంది. ఇంటికొస్తే మాత్రం నైంటీ.

కారు పదేళ్ల కింద కొన్నాడు. డెబ్బై రెండో సంవత్సరపు ఇటలీ బండి, రెండే సీట్లు, ముగ్గురున్న కుటుంబానికి రెండు సీట్ల బండి. చలికాలం పొద్దున్నే సెకండ్ గేరు వెయ్యబోతే కరకర నమిలేది. పాత కార్ల క్లబ్బులో ఎవరో చెప్పారట, మంచి ఆయిల్ పోస్తే పోతుందని. ఫైవ్ తెచ్చాడు. నేను డబ్బా తిప్పి చూసి, ఇది హౌసింగు నూనెండీ, దీంట్లో ఇత్తడి రింగులున్నాయి, ఇది పడదు అన్నాను. ఆయన నాకేసి ఎలా చూశాడంటే, పిల్లి ఇంగ్లీషు మాట్లాడితే చూసినట్టు. ‘ఫైవ్ పెద్దదా ఫోర్ పెద్దదా?’ అన్నాడు. మన వాళ్లకి అంకె పెద్దదయితే చాలు, మార్కులైనా, ర్యాంకైనా, పోస్ట్‌కోడయినా. అది మార్కు కాదండీ, రెండు వేరే మందులు, గుండెకి వేసేది కంటికి వేస్తామా అన్నాను. ‘మీ నాన్న లారీలు వేరు’ అన్నాడు. రెండేళ్లలో కరకర ఇంకా పెరిగింది. ఆయన వాళ్లమ్మ ఆపరేషన్ కోసం ఇండియా వెళ్లిన నెలలో నేను ఈ చాప మీదే పడుకుని నూనె దించాను. ట్రేని ఎండలోకి లాగాను. నూనె నిండా బంగారు రజను. బిరడాకుండే అయస్కాంతం ఇనుప పొడిని పట్టుకుంటుంది, ఇత్తడిని పట్టుకోలేదు, అది అలా నూనెలో తిరుగుతూనే ఉంటుంది. గంధకం రాగి మీద పడితే నల్లటి పొర కడుతుంది, అది కాలేజీలో పరీక్షనాళికలో చూశాను. ఇక్కడ ఆ పొర ఊడినప్పుడల్లా కాస్త ఇత్తడిని పట్టుకుని ఊడుతుంది. ఇంతే సంగతి, అంత పెద్ద చదువు అక్కర్లేదు. ఫోర్ పోశాను. ఆయన తెచ్చిన ఫైవ్‌ని కౌన్సిల్ వాళ్లు పాత రంగులు, రసాయనాలు తీసుకునే రోజున ఇచ్చేసి వచ్చాను. ఆయన తిరిగొచ్చి, రెండు వారాలు నడిపి, భోజనం దగ్గర అన్నాడు, ‘చూశావా, ఫైవ్ సెట్ అవ్వడానికి టైమ్ పట్టింది, ఇప్పుడు సెకండ్ వెన్నలా పడుతోంది, నువ్వేమో గొడవ చేశావ్’ అని. ఇంకాస్త చారు పోశాను. అప్పటి నుంచీ రెండేళ్లకోసారి ఆయన ఫైవ్ కొనడం, నేను ఫోర్ పొయ్యడం. చెప్పొచ్చుగా అంటుంది మా అమ్మాయి శ్రీదివ్య. పొద్దున్న కెఫేలో షిఫ్టుకి వెళ్తూ గరాజు తలుపు దగ్గర నిలబడింది, వాళ్ల నాన్న మొహం చూడనని ముందే వెళ్లిపోతోంది. ‘అమ్మా, వై ఆర్ యూ ఈవెన్ డూయింగ్ దిస్? లెట్ హిమ్ డూ ఇట్’ అంది. ఆయనకి రాదే అన్నాను. ‘ఎగ్జాక్ట్‌లీ’ అంది, వెళ్లిపోయింది.

బొట్లు బొట్లుగా పడుతోంది ఇప్పుడు. ట్రే ఇవతలికి లాక్కుని వాకిట్లో ఎండకి పెట్టాను. తేనె రంగు, కాస్త మబ్బు, రజను ఎక్కడో ఒక చుక్క. రింగులు బాగున్నాయి. కంచె మీద మ్యాగ్‌పై పిట్ట ఒకటి తల వంచి నా ట్రేలోకి చూస్తోంది, నీకూ వాసన తెలుసా అన్నాను. కొత్త రాగి వాషరు వేసి కింది బిరడా బిగించాను. ఇక పొయ్యడమే. ఫోర్ డబ్బా చేతిలోకి తీసుకున్నాను, అలవాటు, చెయ్యి దానంతట అదే అటు వెళ్లింది. అప్పుడు ఆగాను. ఎవరి కోసం పోస్తున్నాను? ఇంతకాలం పోశానంటే కాపురం అనుకున్నాను. ఇవాళ కూడా నేను నోరుమూసుకుని సరైనది పోస్తే, క్రాన్‌బర్న్‌లో భోజనం దగ్గర ఇంకెవరికో చెప్తాడు ఫైవ్ మహిమ. ఫైవ్ పోస్తే? ఇవాళేం తెలీదు. నెలకీ తెలీదు. హైవే మీద తొమ్మిది వందల కిలోమీటర్లూ పెద్ద గేరులోనే పోతుంది. ఆ తర్వాత ఆ కొత్త వీధుల్లో, రౌండబౌట్ రౌండబౌట్‌కీ సెకండు వెయ్యాలి. సెకండే కదా ఇకమీదట ఆయనకి. మెల్లగా తింటుంది, సంవత్సరమో, రెండో. ఒక పొద్దున్న కరకరమంటుంది. ఈ ఆలోచన వచ్చినందుకు చెవులు వేడెక్కాయి. కాదు, ఒక్కసారి అడుగుదాం అనుకున్నాను. ఒక్కసారి, ఈ ఒక్కసారి నా మాట మీద సరే నీ ఇష్టం అంటే చాలు, ఫోర్ పోసేస్తాను, ఎప్పటికీ చెప్పను. ఫోన్ చేశాను. ఎయిర్‌పోర్టు నుంచి టాక్సీలో ఉన్నాడు, స్పీకర్‌లో పెట్టినట్టున్నాడు, రోడ్డు హోరు వినిపిస్తోంది.

‘ఏంటి, అయిందా?’

‘పాత నూనె దిగింది. ఏవండీ, ఫోర్ పోయించనా? ఇత్తడి రింగులు—’

‘మళ్లీ మొదలెట్టావా అలివేలూ! పదేళ్ల నుంచి ఫైవే పోస్తున్నాంగా, ఏమైంది? బంగారంలా ఉంది బండి. ఇంక ఇవాళైనా వదిలెయ్యవా?’

‘నా మాట మీద ఒక్కసారి—’

‘ఫైవ్ అన్నాను. ఫైవ్. అంతే.’

వెనక నుంచి ఆడగొంతు, గుసగుసలాగే ఉంది కానీ స్పీకర్‌కి గుసగుస తెలియదు కదా. ‘ఈవిడేనా మీ నైంటీ మేడమ్?’ నీరజ, ఆయన కొత్త కాపురం. కిసుక్కున నవ్వు. ఆయన కూడా నవ్వాడు, ఉష్ అంటూనే నవ్వాడు. ఫోన్ కట్టయింది.

మా నాన్నని ఆమెకి కూడా చెప్పేశాడు. తెల్ల చొక్కా, తొడల కింద చేతులు, ఆ గొంతు అనుకరించడం, అంతా. ఆమె ఎక్కడ పుట్టిందో, నాన్న ఎవరో నాకు తెలియదు, నాన్న సంగతి మాత్రం ఆమెకి తెలుసు, నవ్వడానికి సరిపడా తెలుసు. నల్ల డబ్బా మూత తిప్పాను. గుప్పుమంది. ఆ వాసనలోంచే వచ్చాడు నాన్న, పిలవకుండానే, ఆనందరావు లారీ పక్కన నిలబడి. ఆనందరావు నలుగురిలో నాన్న చెంప మీద కొట్టినవాడు, లారీ ఒక పూట ఆలస్యమైందని. ఆరు నెలల తర్వాత అదే లారీ గేరుబాక్సు పట్టేసి, వేరే దిక్కులేక మా షెడ్డుకే తోసుకొచ్చారు. నేను చూస్తూ నిలబడ్డాను, నాన్న ఇప్పుడు ఏం చేస్తాడా అని, ఒక బోల్టు వదులు పెడితే చాలు అని నా మనసులో. నాన్న ప్రతి పన్నూ కిరసనాయిల్‌తో కడిగి, ప్రతి రింగూ వేలితో తడిమి, తన సొంత బండిలా బిగించాడు. కోపం రాలేదా నాన్నా అంటే, ఎందుకు రాలేదు, వచ్చింది, వాడి మీద, బండేం చేసింది అన్నాడు. బండేం చేసింది. నిజమే నాన్నా, ఇదీ ఏమీ చెయ్యలేదు. పదేళ్లు నన్ను ఎక్కించుకోకపోయినా, పొద్దున్న రెండు చుట్లకి చెప్పిన మాట విన్నది. కానీ నువ్వు ఒక్క చెంపదెబ్బ తిన్నావు. ఇది రోజూ. కొట్టినట్టు కనపడదు, పొర కడుతుంది, ఊడుతుంది, ఊడినప్పుడల్లా కాస్త పట్టుకుని పోతుంది, ఏ అయస్కాంతానికీ అంటదు. నీ కూతురు నీ అంతటిది కాదు. గొట్టం పోసే కన్నంలో పెట్టి చేతిపంపు నొక్కడం మొదలెట్టాను. ఒకటి, రెండు, మూడు. ఆపొచ్చు. ఇప్పుడు ఆపి, దించేసి, ఫోర్ పొయ్యొచ్చు. ఇరవై. చెయ్యి నొప్పెట్టింది, మార్చుకున్నాను. యాభై. నూనె కన్నం అంచు దాకా వచ్చి సన్నగా పొర్లింది, నిండిందని గుర్తు. బిరడా బిగించాను. మరీ బిగించకూడదు, మరీ వదలకూడదు. అది కూడా నాన్న చెప్పినట్టే చేశాను.

కారుని స్టాండ్ల మీంచి దించి నేల తుడిచాను, పదిన్నరకి టాక్సీ ఆగింది. ఆయన ఒక్కడే లోపలికి వచ్చాడు, ఆమె పేవ్‌మెంట్ మీద సూట్‌కేసు పక్కన నిలబడి ఫోన్ చూసుకుంటోంది, చలికోటు, చెవులకి చిన్న జూకాలు, అలిసిపోయినట్టుంది, నేను అనుకున్నంత చిన్నదేం కాదు. ఆయన కారు చుట్టూ తిరిగాడు, స్టార్ట్ చేశాడు, వాకిట్లో ముందుకీ వెనక్కీ జరిపాడు, వీధిలో ఒక చుట్టు తిప్పుకొచ్చాడు. దిగకుండానే అద్దం దించాడు.

‘ఫైవేనా?’

‘ఫైవే. మీరు చెప్పినట్టే.’

‘సెకండ్ చూశావా? వెన్న! పదేళ్లు పోరాడావు నాతో.’ కింద ఒక్క చుక్క కూడా లేని నేల చూసి, మెచ్చుకోలుగా తలూపాడు. ‘ఇంత నీట్‌గా ఎవరు చేస్తారు ఇక్కడ? నంబరివ్వు, క్రాన్‌బర్న్‌లో ఇలాంటివాళ్లు దొరకరు.’

ఎనిమిదేళ్లలో మొదటిసారి అడిగాడు. చేతులు చున్నీ కింద పెట్టుకున్నాను, తెలియకుండానే, గోళ్లలో నలుపు కనపడకుండా. బయటికి తీసి ఆయన ముందు పెట్టాల్సింది.

‘తెలిసినవాళ్లే. ఇక చెయ్యరు’ అన్నాను.

‘అయ్యో, బ్యాడ్ లక్’ అన్నాడు. ఆమె ఎక్కింది. రెండు సీట్లూ నిండాయి. బండి మలుపు దగ్గర నెమ్మదించింది, సెకండ్ వేశాడు, చప్పుడు లేదు, మెత్తగా, నమ్మకంగా పడింది, ఆ రింగు తన పని తను చేసింది. ఆగండి, అది తీసెయ్యండి, దించెయ్యండి అని చెయ్యెత్తాను, నిజంగానే ఎత్తాను, వీధి మధ్యకి రెండడుగులు వేశాను కూడా. అద్దంలో చూసినట్టున్నాడు. కిటికీలోంచి చెయ్యి బయటికి పెట్టి టాటా చెప్పాడు. ఆమె కూడా ఊపింది.

డిష్‌వాషింగ్ లిక్విడ్‌తో కడిగాను, శనగపిండితో కడిగాను, నిమ్మచెక్క పెట్టి తోమాను. చర్మం మండుతోంది కానీ వాసన పోలేదు. ఒంటిగంటకి ఆకలేసింది, సిగ్గులేకుండా. వేడన్నంలో మాగాయ వేసుకుని కలిపాను. మొదటి ముద్ద నోటి దగ్గరికి రాగానే నైంటీ. నాన్న షెడ్డులో ఈ వాసన చేతుల్తోనే తినేవాడు, నన్నూ పక్కన కూర్చోబెట్టుకుని ముద్దలు పెట్టేవాడు, అప్పుడు అది అన్నం వాసనే అనుకునేదాన్ని. ఇది అది కాదు. నాన్న పోసేది ఫోర్. కళ్లు మూసుకుని మింగాను. రెండో ముద్ద కలిపాను.